పెద్దపేగు క్యాన్సర్: రక్తంలోని ఇన్‌ఫ్లమేషన్ సూచికలు ఎంతవరకు చెప్పగలవు?

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక పాథాలజీ రిపోర్టు చేతికి వచ్చేవరకు ఇంటిల్లిపాదీ ఎదురుచూసేది ఒకే మాట కోసం: ఏ దశ? కణితి పేగు గోడలోకి ఎంత లోతుగా దిగింది, చుట్టుపక్కల లింఫు గ్రంథుల్లోకి పాకిందా, కాలేయానికో ఊపిరితిత్తులకో చేరిందా అన్న మూడు ప్రశ్నల జవాబులను కలిపి నిర్ణయించే ఈ దశే చికిత్సకు ఇప్పటికీ ప్రధాన ఆధారం. 1932లో బ్రిటిష్ పాథాలజిస్టు కుత్‌బర్ట్ డ్యూక్స్ మలాశయ క్యాన్సర్‌కు ప్రతిపాదించిన వర్గీకరణ నుంచి కణితి, లింఫు గ్రంథులు, వ్యాప్తి మూడింటినీ కలిపి చూసే ఇవాళ్టి టీఎన్ఎమ్ పద్ధతి దాకా ఆ ఆలోచనలో మౌలికమైన మార్పు లేదు. అయినా ఒకే దశలో ఉండి, ఒకే రకం ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరిలో ఒకరు ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉండటం, ఇంకొకరికి రెండేళ్లు తిరక్కుండానే జబ్బు తిరగబెట్టడం క్యాన్సర్ వైద్యులందరికీ తెలిసిన సంగతే. ఆ తేడాకు కారణం కొంత కణితి జన్యువుల్లో ఉంది, కొంత రోగి శరీరం ఆ కణితికి స్పందించే తీరులో ఉంది.

ఈ రెండో భాగాన్ని కొలవడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు ఎలాగూ చేయించే సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రధాన ప్రోటీన్) పరీక్షల్లోనే దాని జాడ కనిపిస్తుందని గత ఇరవై ఏళ్లలో వచ్చిన పెద్ద సంఖ్యలో అధ్యయనాలు చెబుతున్నాయి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (గాయానికో ఇన్‌ఫెక్షన్‌కో శరీరం చూపే రక్షణ స్పందన) ఎక్కువగా ఉన్న రోగులు, సగటున చూస్తే, తక్కువ కాలం బతుకుతున్నారు. ఈ మాటలో సందేహం లేదు. కానీ దాన్నిబట్టి ఒక వ్యక్తి విషయంలో ఏం తేల్చవచ్చు, ఏం తేల్చకూడదు అన్నది వేరే ప్రశ్న. రిపోర్టులోని అంకెలను ఆన్‌లైన్ కాలిక్యులేటర్లో వేసి, వచ్చిన ఫలితం చూసి నిద్రపట్టక అల్లాడే కుటుంబాలకు కావలసింది ఈ ప్రశ్నకు జవాబే.

క్యాన్సర్‌కూ ఇన్‌ఫ్లమేషన్‌కూ ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్కో 1863లోనే కణితుల్లో తెల్ల రక్తకణాలు గుమిగూడటాన్ని గమనించి ఆ రెండింటికీ లంకె ఉందని ప్రతిపాదించారు. ఏళ్ల తరబడి అల్సరేటివ్ కొలైటిస్‌తో (పెద్దపేగు లోపలి పొర పుండ్లుపడే దీర్ఘకాలిక జబ్బుతో) బాధపడేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరగడం ఆ లంకెకు ప్రత్యక్ష ఉదాహరణ. అయితే ఇక్కడి చర్చ క్యాన్సర్ పుట్టుకకు దారితీసే ఇన్‌ఫ్లమేషన్ గురించి కాదు. క్యాన్సర్ వచ్చాక ఒళ్లంతా పాకే ఇన్‌ఫ్లమేషన్ గురించి. పెరిగే కణితికి రక్తసరఫరా చాలక లోపలి భాగం చచ్చిపోతుంటుంది. పేగు లోపలి పొర దెబ్బతిన్నచోట మలంలోని బ్యాక్టీరియా కణజాలంలోకి చొరబడుతుంది. వీటిని శుభ్రం చేయడానికి చేరుకున్న మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు, వాటితోపాటు కొంతవరకు కణితి కణాలు కూడా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. అది కాలేయానికి చేరాక కాలేయం సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ వంటి అత్యవసర ప్రోటీన్ల తయారీని పెంచి, ఆల్బుమిన్ తయారీని తగ్గిస్తుంది. పైగా సన్నని రక్తనాళాల గోడలు వదులై, ఉన్న ఆల్బుమిన్‌లో కొంత బయటికి జారిపోతుంది. ఇంకోవైపు ఎముక మజ్జకు అందే సంకేతాలతో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ ప్రభావంతో రక్తంలో తిరిగే లింఫోసైట్లు అనే మరో రకం తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. రిపోర్టులో కనిపించే మార్పులన్నీ ఈ ఒక్క గొలుసులోని కొలికులే.

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. రక్తంలో దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, సుమారు 19 గంటలు. ఆల్బుమిన్ అర్ధాయువు సుమారు 20 రోజులు. అందుకే సీఆర్‌పీ ఇవాళ్టి, నిన్నటి పరిస్థితిని చూపితే, ఆల్బుమిన్‌లో కొన్ని వారాల పోషకాహార స్థితి, కాలేయం పనితీరు, ఇన్‌ఫ్లమేషన్ మూడూ కలగలిసి ఉంటాయి. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో ఆల్బుమిన్ కూడా ఒకట్రెండు రోజుల్లోనే పడిపోవచ్చు కాబట్టి ఈ విభజనను మరీ కచ్చితమైనదిగా తీసుకోకూడదు. ఈ రెండింటినీ జోడించి గ్లాస్గోలో డొనాల్డ్ మెక్‌మిలన్, ఆయన సహచరులు 2003లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల కోసం ఒక స్కోరు తయారుచేశారు. తర్వాత దాన్ని సవరించి పెద్దపేగు క్యాన్సర్‌తో సహా అనేక క్యాన్సర్లలో వాడుతున్నారు. లెక్క సులువు: సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకపోతే సున్నా, దాటితే 1, దాటడంతోపాటు ఆల్బుమిన్ లీటరుకు 35 గ్రాముల కంటే తగ్గితే 2. సవరించిన స్కోరులో సీఆర్‌పీ మామూలుగా ఉండి ఆల్బుమిన్ ఒక్కటే తగ్గితే మార్కు పడదు, ఎందుకంటే ఇన్‌ఫ్లమేషన్ లేకుండా ఆల్బుమిన్ మాత్రమే తగ్గడం రోగి ఆయుష్షుపై చూపే ప్రభావం తక్కువని తేలింది. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తే, మరికొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. లీటరుకు 10 అంటే డెసిలీటరుకు 1 మాత్రమే. ఆల్బుమిన్ విషయంలోనూ లీటరుకు 35 గ్రాములు, డెసిలీటరుకు 3.5 గ్రాములు ఒకటే. అంకె పక్కనున్న కొలమానం చూడకుండా లెక్కవేస్తే స్కోరు తలకిందులవుతుంది.

సీబీసీ నుంచి వచ్చే నిష్పత్తులు ఇంకా తేలిక కాబట్టే ఇంకా ఎక్కువ ప్రచారం పొందాయి. ఉదాహరణకు ఒక రిపోర్టులో మైక్రోలీటరుకు తెల్ల రక్తకణాలు 9,000, అందులో న్యూట్రోఫిల్స్ 72 శాతం, లింఫోసైట్లు 18 శాతం, మోనోసైట్లు 7 శాతం, ప్లేట్‌లెట్లు 4,20,000 ఉన్నాయనుకుందాం. న్యూట్రోఫిల్స్ 6,480, లింఫోసైట్లు 1,620 అవుతాయి కాబట్టి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4 వస్తుంది. ఎన్ఎల్ఆర్ అంటే ఇదే. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగిస్తే సుమారు 259, అది పీఎల్ఆర్. లింఫోసైట్లను మోనోసైట్లతో భాగిస్తే సుమారు 2.6, ఇందులో మాత్రం అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఎన్ఎల్ఆర్‌ను ప్లేట్‌లెట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదాన్ని ఎస్ఐఐ అంటారు. చాలా అధ్యయనాల్లో ఎన్ఎల్ఆర్ హద్దు 3 నుంచి 5 మధ్య ఉంది కాబట్టి ఈ రోగి కొందరి లెక్కలో ప్రమాదపు గీత దాటినట్టు, ఇంకొందరి లెక్కలో దాటనట్టు. మరో విషయం కూడా గమనించాలి. ఇదే రక్తంలో న్యూట్రోఫిల్స్ 72 నుంచి 66 శాతానికి తగ్గి, లింఫోసైట్లు 18 నుంచి 24 శాతానికి పెరిగితే చాలు, 4 కాస్తా 2.75కి దిగివస్తుంది. అంతమాత్రపు తేడా జలుబు తగ్గడం వల్ల కూడా రావచ్చు. పై అంకె, కింది అంకె ఎదురెదురు దిశల్లో కదిలే నిష్పత్తికి ఉండే బలం, బలహీనత రెండూ ఇవే: చిన్న మార్పును కూడా పెద్దదిగా చూపిస్తుంది, ఆ మార్పు దేనివల్ల వచ్చిందో మాత్రం చెప్పదు.

అయినంత మాత్రాన ఈ ఆధారాలను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. వివిధ రకాల గడ్డ క్యాన్సర్లపై వచ్చిన 100 అధ్యయనాలను, 40,559 మంది రోగుల వివరాలను కలిపి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, ఎన్ఎల్ఆర్ హద్దుకు మించి ఉన్నవారిలో మరణాల వేగం మిగతావారితో పోలిస్తే 1.81 రెట్లు ఉన్నట్టు తేలింది. పెద్దపేగు క్యాన్సర్‌లో విడిగా జరిగిన పరిశీలనలూ అదే దిశలో ఉన్నాయి. కాలేయానికి పాకిన దశలోనూ, పాకని దశలోనూ, వేర్వేరు దేశాల రోగుల్లోనూ సంబంధం అదే తీరులో కనిపించడం యాదృచ్ఛికం అనుకోలేం.

ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ఆసక్తికరమైనదీ, తరచుగా పొరబడేదీ మరొకటి ఉంది. రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ పెరగడం చెడ్డ సూచన అయితే, కణితి లోపల రోగనిరోధక కణాలు గుంపులుగా చేరడం మంచి సూచన. ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ గాలోన్ బృందం 2006లో చూపించిందేమిటంటే, పెద్దపేగు కణితి నడిమి భాగంలోనూ, అంచులోనూ టీ లింఫోసైట్లు దట్టంగా ఉన్న రోగులు మెరుగ్గా ఉన్నారు. కొన్ని సందర్భాల్లో ఆ సాంద్రత దశ కంటే కూడా బాగా భవిష్యత్తును సూచించింది. ఆ కణాల లెక్క ఆధారంగా రూపొందిన ఇమ్యునోస్కోర్‌ను 2,681 మంది రోగుల కణితులపై పరీక్షించి, 2018లో అంతర్జాతీయ బృందం ధ్రువీకరించింది. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం డీఎన్ఏ మరమ్మతు లోపంతో వస్తాయి. వాటిలో లింఫోసైట్లు విపరీతంగా చేరతాయి, తొలి దశల్లో వాటి భవిష్యత్తు మిగతావాటికంటే మెరుగ్గా ఉంటుంది. అంటే కణితి ఉన్నచోట గురిచూసి పోరాడే టీ కణాలు ఉండటం ఒక సంగతి, గురి లేకుండా ఒళ్లంతా అప్రమత్తమై న్యూట్రోఫిల్స్‌ను, ప్లేట్‌లెట్లను ఉత్పత్తి చేస్తూ పోవడం ఇంకో సంగతి. ‘ఇన్‌ఫ్లమేషన్ చెడ్డది, తగ్గించుకోవాలి’ అన్న ఒక్క ముక్క సలహా ఈ తేడా దగ్గరే కూలిపోతుంది.

ఆ రెండో రకం స్పందన హాని ఎలా చేస్తుందన్న దానికి ప్రయోగశాలల్లో కొన్ని జవాబులు దొరికాయి. న్యూట్రోఫిల్స్ సూక్ష్మజీవులను పట్టుకోవడానికి తమ డీఎన్ఏతోనే వలలు పన్నుతాయి. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు ఆ వలల్లో చిక్కి కాలేయంలో నిలదొక్కుకోవడం ఎలుకల్లో కనిపించింది. ప్లేట్‌లెట్లు క్యాన్సర్ కణాలను కప్పి, రోగనిరోధక కణాల కంట పడకుండా కాపాడతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కణితి కణాల్లోనే పెరుగుదల సంకేతాలను నడిపిస్తుంది. వీటన్నిటికంటే రోగి మంచం దగ్గర కంటికి కనిపించే హాని కండ కరగడం. ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉన్నవారికి ఆకలి మందగిస్తుంది, కండరాలు తరిగిపోతాయి, నీరసం పెరుగుతుంది, కీమో మోతాదు తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. మోతాదులు తగ్గించాల్సి రావడం, వాయిదా వేయాల్సి రావడం కూడా ఫలితాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి సీఆర్‌పీ ఎక్కువ ఉండటానికీ, ఆయుష్షు తగ్గడానికీ మధ్య ఒకే దారి లేదు, అనేక దారులు ఉన్నాయి. పెద్ద కణితికి ఇన్‌ఫ్లమేషన్ కూడా పెద్దదిగానే ఉంటుందన్నది వాటిలో అతి మామూలు దారి. దశ, కణితి పరిమాణం, రోగి వయసు లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం మిగిలిందని చెప్పే అధ్యయనాలకే ఎక్కువ విలువ ఇవ్వాల్సింది ఇందుకే.

పెద్దపేగు క్యాన్సర్‌కు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి, వాటికి దక్కాల్సినంత ప్రాధాన్యం దక్కడం లేదు. ఈ జబ్బులో, ముఖ్యంగా పేగు కుడి భాగంలో కణితి ఉన్నప్పుడు, బయటికి కనిపించకుండా నెలల తరబడి రక్తం పోయి ఐరన్ లోపంతో కూడిన రక్తహీనత వస్తుంది. ఐరన్ లోపం దానంతట అదే ప్లేట్‌లెట్లను పెంచుతుంది. అప్పుడు పీఎల్ఆర్, ఎస్ఐఐ పెరిగినా దానికి కారణం ఇన్‌ఫ్లమేషనో రక్తస్రావమో ఆ అంకె చెప్పలేదు. కణితి పేగును మూసేసినా, గోడకు చిల్లు పడినా, చుట్టూ చీము పట్టినా సీఆర్‌పీ, న్యూట్రోఫిల్స్ ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఆ పరిస్థితులు వాటంతట అవే ప్రమాదకరమైనవి కాబట్టి, నిష్పత్తి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. కీమోతోపాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ను పెంచి లింఫోసైట్లను తగ్గిస్తుంది. తెల్ల కణాలు పడిపోకుండా ఇచ్చే జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్ తర్వాత ఎన్ఎల్ఆర్ లెక్కవేయడమే అర్థరహితం. స్థూలకాయం, పొగతాగడం సీఆర్‌పీని పెంచుతాయి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు కొంత తగ్గిస్తాయి, దెబ్బతిన్న కాలేయం తగినంత తయారు చేయలేకపోవచ్చు. ఆఫ్రికన్ మూలాలున్న చాలామందిలో డఫీ అనే రక్తకణ లక్షణంలోని తేడా వల్ల, పూర్తి ఆరోగ్యంగా ఉన్నా న్యూట్రోఫిల్స్ తక్కువగానే ఉంటాయి. కాబట్టి ఒక జనాభాలో తీసిన హద్దును ఇంకో జనాభాకు తెచ్చి పెట్టడం సరికాదు.

హద్దుల సంగతి వచ్చింది కనుక, గణాంకాల వైపు నుంచీ ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. చాలా అధ్యయనాలు తమ దగ్గరున్న రోగుల వివరాల్లోనే రకరకాల హద్దులు పెట్టి చూసి, రెండు గుంపుల మధ్య అత్యధిక తేడా చూపించే అంకెను ‘సరైన హద్దు’గా ఎంచుకున్నాయి. ఇలా చేస్తే తేడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి తీరుతుందని, ఆ హద్దు మరో ఆస్పత్రి రోగుల్లో నిలబడదని గణాంకవేత్తలు 1990ల నుంచే హెచ్చరిస్తున్నారు. దీనికి తోడు, సంబంధం కనిపించని ఫలితాలు ప్రచురణకు నోచుకోవడం తక్కువ. ఇటువంటి సూచికల పరిశోధనలను ఎలా నివేదించాలో వివరిస్తూ 2005లోనే రిమార్క్ పేరుతో మార్గదర్శకాలు వచ్చినా, వాటిని పూర్తిగా పాటించని వ్యాసాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. పాత ఫైళ్లు తిరగేసి, రెండు అంకెలను భాగించి, ఒక గ్రాఫు గీస్తే వ్యాసం తయారైపోయే పరిస్థితి ఈ రంగానికి మేలు చేయలేదు.

మరణాల వేగం 1.8 రెట్లు అన్న మాట వినగానే కలిగే భయాన్ని కూడా లెక్కలో పెట్టి చూడాలి. లెక్క అర్థం కావడం కోసం మాత్రమే, సూచిక తక్కువగా ఉన్న గుంపులో ఐదేళ్లు బతికినవారు 100 మందిలో 80 మంది అనుకుందాం. వేగం 1.8 రెట్లయితే, సూచిక ఎక్కువగా ఉన్న గుంపులో ఐదేళ్లు బతికేవారు సుమారు 67 మంది. రెండు గుంపుల మధ్య తేడా నిజమైనదే, నూటికి పదమూడు మంది ప్రాణాలంటే చిన్న సంగతీ కాదు. కానీ ‘చెడ్డ’ గుంపులోనూ ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఐదేళ్లు దాటుతున్నారు, ‘మంచి’ గుంపులోనూ ఐదుగురిలో ఒకరు దాటలేకపోతున్నారు. గుంపులను వేరుచేయగలిగిన సూచిక, మనుషులను వేరుచేయగలుగుతుందని కాదు. రోగి ముందు కూర్చుని ఎన్ఎల్ఆర్ చూపించి ఆయుష్షు గురించి మాట్లాడటం శాస్త్రీయంగా తప్పు, ఆ మనిషి పట్ల అన్యాయం కూడా.

వైద్య నిర్ణయానికి అసలు కావలసింది ఇంకొకటి: ఈ సూచిక ఎక్కువగా ఉన్నవారికి ఫలానా చికిత్స వల్ల మిగతావారికంటే ఎక్కువ లాభం ఉంటుందా అన్నది. రెండో దశ (లింఫు గ్రంథులకు పాకని) రోగుల్లో కీమో ఇవ్వాలా వద్దా అన్న సందేహం ఎప్పుడూ ఉండేదే. కణితి పేగు బయటి పొరను దాటడం, పేగు మూసుకుపోవడం లేదా చిల్లు పడటం, పరీక్షించిన లింఫు గ్రంథులు 12 కంటే తక్కువ కావడం వంటివి ఇప్పుడు వాడే ప్రమాణాలు. ప్రధాన చికిత్సా మార్గదర్శకాలు ఎన్ఎల్ఆర్‌ను బట్టి కీమో నిర్ణయించమని చెప్పడం లేదు. ఒక సూచిక చికిత్సను నిర్ణయించే స్థాయికి ఎలా చేరాలో చూపించిన ఉదాహరణ వేరే పరీక్షది. రక్తంలో తిరిగే కణితి డీఎన్ఏ ఆధారంగా రెండో దశ రోగులకు కీమో నిర్ణయించిన డైనమిక్ అనే ట్రయల్‌లో 455 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విభజించారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆ పరీక్ష వాడిన జట్టులో కీమో తీసుకున్నవారు 15 శాతం, మామూలు పద్ధతి జట్టులో 28 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారి శాతం మాత్రం ఇంచుమించు సమానం. నిష్పత్తుల మీద వచ్చిన వ్యాసాల సంఖ్యతో పోలిస్తే, ఇలా నిర్ణయాన్నే పరీక్షకు పెట్టే ప్రయత్నం చాలా తక్కువ.

ఇన్‌ఫ్లమేషన్‌ను మందులతో తగ్గిస్తే క్యాన్సర్ ఫలితం మారుతుందా? మూడో దశ (లింఫు గ్రంథులకు పాకిన) రోగుల్లో కీమోకు సెలికాక్సిబ్ అనే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు జోడించి చూసిన పెద్ద అమెరికన్ ట్రయల్‌లో, మొత్తం రోగులను తీసుకుంటే చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని 2021లో తేలింది. ఉత్తర ఐరోపా దేశాల్లో జరిగిన అలాస్కా ట్రయల్‌లో మాత్రం మూడేళ్లపాటు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవారిలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గిందని 2025లో వెల్లడైంది. అయితే వారిని ఎంపిక చేసింది సీఆర్‌పీనో ఎన్ఎల్ఆర్‌నో చూసి కాదు. కణాల పెరుగుదలను నడిపే పీఐ3కే అనే సంకేత మార్గానికి చెందిన జన్యువుల్లో మార్పు ఉందా అని కణితిని పరీక్షించి. కనుక సీఆర్‌పీ ఎక్కువగా ఉందని సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టడానికి ఈ ఫలితం ఆధారం కాదు. ఆస్పిరిన్ వల్ల కడుపులో, పేగుల్లో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉందన్నది మరువకూడదు.

మరి ఈ పరీక్షల ఉపయోగం ఎక్కడ? ముందుగా ఆపరేషన్ తర్వాతి రోజుల్లో. ఏ పెద్ద ఆపరేషన్ తర్వాతైనా సీఆర్‌పీ పెరిగి, రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి, తర్వాత తగ్గాలి. పేగు ముక్కలను కలిపి కుట్టిన చోట లీకేజీ అయితే అది తగ్గదు. 2014లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం మూడో రోజున లీటరుకు 172, నాలుగో రోజున 124, ఐదో రోజున 144 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే లీకేజీ లేదని 97 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అంతకంటే ఎక్కువున్నంత మాత్రాన లీకేజీ ఉన్నట్టు కాదు, కానీ ఆ రోగిని ఇంటికి పంపేముందు డాక్టరు ఇంకోసారి ఆలోచిస్తారు, అవసరమైతే సీటీ స్కాన్ చేయిస్తారు. ఇన్‌ఫ్లమేషన్ సూచిక రోగికి నేరుగా మేలు చేసే సందర్భం ఇది. దీనికి ఆయుష్షు జోస్యంతో పనిలేదు.

రెండోది ఆపరేషన్‌కు ముందు, కీమోకు ముందు. సవరించిన గ్లాస్గో స్కోరు 2 వచ్చిన రోగిని చూసినప్పుడు అడగాల్సింది ‘ఎంతకాలం?’ అని కాదు, ‘ఎందుకు?’ అని. చీము గడ్డ ఉందా, పంటి ఇన్‌ఫెక్షనో మూత్రంలో ఇన్‌ఫెక్షనో ఉందా, ఆరు నెలల్లో బరువు ఎంత తగ్గింది, కూర్చున్నచోటు నుంచి చేతుల ఆసరా లేకుండా లేవగలుగుతున్నారా, ఐరన్ ఎంత ఉంది, తిండి ఎంత తింటున్నారు? వీటిలో చాలావాటికి వెంటనే చేయగలిగింది ఉంటుంది: ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స, ఐరన్ ఎక్కించడం, ప్రోటీన్ పెంచేలా డైటీషియన్ సలహా, ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాల వ్యాయామం. కీమో ముగిసిన పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో మూడేళ్ల పాటు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించిన ఛాలెంజ్ ట్రయల్‌లో, జబ్బు లేకుండా ఐదేళ్లు ఉన్నవారు వ్యాయామం జట్టులో 80.3 శాతం, సలహా పుస్తకాలు మాత్రమే అందుకున్న జట్టులో 73.9 శాతం అని 2025లో ప్రకటించారు. ఆ లాభం ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం ద్వారానే వచ్చిందని ఇంకా రుజువు కాలేదు. అయినా సూచిక ఎక్కువగా ఉందన్న దిగులుకు బదులు చేతిలో పెట్టగలిగిన పని అది.

ఆపరేషన్ తర్వాతి ఏళ్లలో జబ్బు తిరగబెట్టిందేమో కనిపెట్టే పని ఈ నిష్పత్తులది కాదు. అందుకు 1965లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనుగొన్న సీఈఏ అనే ప్రోటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష, సీటీ స్కాన్లు, కొలనోస్కోపీ ఉన్నాయి. మధ్యలో ఎప్పుడైనా సీఆర్‌పీయో ఎన్ఎల్ఆరో పెరిగి కనిపిస్తే, ఆ వారంలో జ్వరం, దగ్గు, పంటి నొప్పి, స్టెరాయిడ్ మాత్ర వంటివి ఏవైనా ఉన్నాయేమో ముందు చూసి, అవి తగ్గాక రెండు మూడు వారాలకు అదే ల్యాబులో మళ్లీ చేయించి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించడం సరైన పద్ధతి. రెండోసారీ తగ్గకపోతే, అప్పుడు కారణం వెతకడానికి తగిన పరీక్షలేవో నిర్ణయించాల్సింది వారే.